నూనె మీద మందు కొడితే ఆ నూనె ఎక్కడికి పోద్ది?

ఉప్పాడ_కెరటం · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది ఉప్పాడ పక్కన పల్లె. నాన్న వేట మానేసి నాలుగేళ్లయింది, చిన్నాన్న వాళ్ల బోటు ఇంకా వెళ్తోంది. పోయిన వారం మా ఊళ్లో అవగాహన సమావేశం పెట్టారు. సముద్రంలో చమురు ఒలికితే ఏం చేయాలి అన్నది విషయం. వచ్చినాయన ఓపిగ్గానే చెప్పాడు. చివర్లో మాత్రం "భయపడకండి, విమానంలోంచి మందు కొడతారు, నూనె మాయమైపోతుంది" అన్నాడు. వెనక కూర్చున్న మా మేనత్త లేచి "మాయమైపోడానికి అదేమన్నా కర్పూరమా బాబూ, ఆ నూనె ఎక్కడికి పోద్ది?" అని అడిగింది. ఆయన "నీళ్లలో కలిసిపోతుందమ్మా" అని వేరే మాటలోకి వెళ్లిపోయాడు.

అత్త నలభై ఏళ్లు చేపల తట్ట మోసిన మనిషి. ఇంటికొచ్చాక కూడా అదే అడుగుతోంది. నీళ్లలో కలిస్తే చేపలకి ఏమవుద్ది, గుడ్డుకి ఏమవుద్ది అని. నేను చదివింది కామర్సు, నాకు చేతకాలేదు. ఆ మందు ఏమిటి? నూనె విషమా, మందు విషమా, రెండూ కలిస్తే విషమా? తెలిసినవాళ్లు చెప్పండి. చదివి అత్తకి వినిపిస్తాను, కాస్త మామూలు మాటల్లో రాయండి.

రసాయనం_మాస్టారు · ఆదివారం రాత్రి 10:02

కెరటం బాబూ, రోజూ చేపల మూకుడు తోమే మనిషికి నూనె నీళ్లలో కలవదని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఒక పని చేసి చూపించు. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి ఒక్కో చెంచా వేరుశెనగ నూనె వెయ్యి. రెండింట్లోనూ నూనె పసుపు బిళ్లలా పైన తేలుతుంది. ఒక గ్లాసులో అంట్లు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, రెండింటినీ ఒకేలా తిప్పు. సబ్బు లేనిదాంట్లో నూనె కాసేపటికే మళ్లీ పైకి చేరుతుంది. సబ్బు పడినదాంట్లో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి, పైన బిళ్ల కనపడదు. నూనె అంతా గ్లాసులోనే ఉంది. ఇందాక పైన ఉండేది, ఇప్పుడు గ్లాసంతా ఉంది.

సముద్రం మీద చల్లే మందు చేసేదీ ఇదే. దాన్ని డిస్పర్సెంట్ అంటారు, చెదరగొట్టే మందు అనుకో. అందులో సబ్బు జాతి పదార్థాలు కొన్ని, వాటిని నూనెలోకి దింపే ద్రావకం ఒకటి ఉంటాయి. సబ్బు అణువుకు ఒక కొస నీళ్లను పట్టుకుంటుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. ఆ పైన అల వచ్చి కొడితే నూనె తెట్టు బొట్లుబొట్లుగా విడిపోతుంది. సుమారు 70 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక మందం, అంతకంటే చిన్న బొట్లయితే పైకి తేలకుండా నీళ్లలోనే ఉండిపోతాయి. ప్రవాహాలు వాటిని పలచన చేస్తాయి. చిన్న బొట్టయితే నూనె తినే బ్యాక్టీరియాకు కొరికే అంచు ఎక్కువ దొరుకుతుంది. ఇదీ దాని వెనకున్న ఆలోచన. మామూలుగా 20 పాళ్ల నూనెకు ఒక పాలు మందు లెక్కన చల్లుతారు.

విషం సంగతి పొద్దున రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

ఓడ_ఇంజినీరు · ఆదివారం రాత్రి 11:25

మాస్టారు చెప్పింది సరిగ్గా ఉంది. మాయమవుతుందని చెప్పడం తప్పు. కానీ మందు మొత్తానికి చెడ్డది అనే తీర్పుతో మొదలుపెట్టకండి. నేను ట్యాంకర్ల మీద పద్దెనిమిదేళ్లు చేశాను, ఒలికిన నూనె మీద శిక్షణ తీసుకున్నాను. నూనె పైన తెట్టులా ఉన్నంతసేపు పక్షి దిగితే ఈకలు అంటుకుపోతాయి, తాబేలు ఊపిరికి తల పైకెత్తితే నోట్లోకి పోతుంది, గాలి ఒడ్డుకు తిరిగితే ఇసుకలో, బురదలో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిగట్టుకు కొట్టుకుని ఒలికిన నూనె, దశాబ్దాల తర్వాత కూడా కొన్ని తీరాల్లో అడుగు లోతు తవ్వితే కనపడింది.

1996లో వేల్స్‌లో సీ ఎంప్రెస్ ట్యాంకర్ నుంచి 72 వేల టన్నుల ముడి చమురు పోయింది. విమానాలతో సుమారు 446 టన్నుల మందు చల్లారు. లోతు ఉంది, అలలు ఉన్నాయి, తేలిక నూనె. ఒడ్డుకు చేరాల్సిన దాంట్లో చాలా భాగం చేరలేదు. అలాంటి చోట అది మంచి నిర్ణయమే అని ఇప్పటికీ అంటాను.

కాశిమేడు_బోటు · సోమవారం ఉదయం 5:40

మాది సిక్కోలు జిల్లా. 2017 జనవరి 28న ఎన్నూరు కాడ రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు నేను చెన్నైలో బోటు మీద ఉన్నాను. మొదట ఏమీ పోలేదన్నారు. రెండో రోజుకి ఒడ్డంతా నల్లగా. ఆ నూనె నూనెలాగా ఉండదండీ. కాలు పెడితే చెప్పు ఊడి అందులో ఉండిపోద్ది. పెరుగు తోడుకున్నట్టు కదలదు, అల వస్తే ముద్దగా లేచి ముద్దగానే పడద్ది. కాలేజీ పిల్లలు, మా కుర్రోళ్లు, యూనిఫాం వాళ్లు అందరూ కలిసి బకెట్లతో తోడినారు. నేనూ మూడు రోజులు తోడినాను. చేతికి తొడుగులు రెండో రోజు మధ్యాహ్నానికి వచ్చినయ్యి. సాయంత్రానికి తల దిమ్ము, రాత్రికి చేతులు మంట. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడుచుకునేవాళ్లం.

ఆ రోజుల్లో మార్కెట్లో చేప అమ్ముడుపోలేదు. మేం పట్టింది ఎన్నూరుకి ఎంతో దూరంలో అయినా ఎవరూ కొనలేదు. వంజరం తెచ్చినా అంతే. ఓడ_ఇంజినీరు గారూ, ఒక్కటి అడుగుతాను. అంత ముద్ద నూనె మీద మీ మందు పనిచేస్తదా?

ఓడ_ఇంజినీరు · సోమవారం ఉదయం 7:15

పనిచేయదు అన్నా. మీరు తోడింది ఓడ ఇంజన్లకు వాడే బరువైన ఇంధనం. అంత చిక్కటి దాంట్లోకి మందు దిగదు, పైనుంచి జారి నీళ్లలోకి పోతుంది. ముడి చమురైనా సరే, ఒలికిన ఒకటి రెండు రోజుల్లోనే పని జరగాలి. తర్వాత నీళ్లు కలిసి చాక్లెట్ రంగు ముద్దవుతుంది. ఆ ముద్ద మీద చల్లిన మందు దండగే. మీకు తొడుగులు ఆలస్యంగా రావడం చదివి మనసు బాలేదు. అలాంటి పనికి మనిషిని దించే ముందే ఇవ్వాల్సినవి అవి.

బ్యాటన్‌రూజ్_తెలుగు · సోమవారం ఉదయం 8:50

నేను లూసియానాలో ఉంటాను, తీర జీవశాస్త్రం చదివాను. ఈ ప్రశ్న మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పరిశోధన జరిగింది ఈ తీరం కారణంగానే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

2010 ఏప్రిల్ 20 రాత్రి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగ్ రిగ్ పేలింది. 11 మంది పోయారు. కింద మకొండో బావి సుమారు 1,500 మీటర్ల లోతులో ఉంది. అది మూతపడింది జూలై 15న, అంటే 87 రోజులు. మన వాళ్లకు 1995 పాశర్లపూడి గుర్తుంటుంది, 65 రోజులు మండింది. అక్కడ గ్యాస్, నేల మీద, కళ్లెదుట. ఇక్కడ నూనె, మైలు లోతు చీకట్లో. కోర్టు చివరికి నిర్ణయించిన లెక్క ప్రకారం సముద్రంలో కలిసింది 31.9 లక్షల పీపాలు.

దాని మీద వాడిన డిస్పర్సెంట్ దగ్గర దగ్గర 70 లక్షల లీటర్లు. కోరెక్సిట్ అనే మందు, 9500 రకం ఎక్కువ, కొంత 9527. అందులో సుమారు 29 లక్షల లీటర్లు నీటిపైన చల్లింది కాదు, సముద్రం అడుగున బావి నోటి దగ్గరే గొట్టంతో పంపారు. అంత లోతున అలా చేయడం అదే మొదటిసారి. మే నెలాఖరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాడకం బాగా తగ్గించమని ఆదేశించాల్సి వచ్చింది.

అడుగున పంపిన దాంతో ఏమైందంటే, దాదాపు 1,000 నుంచి 1,200 మీటర్ల లోతులో సన్నటి బొట్లు, కరిగిన వాయువులు కలిసిన నీటి పొర ఒకటి పైకి రాకుండా అడ్డంగా సాగిపోయింది. పైనుంచి చూస్తే కనపడదు. మందులోని ముఖ్యమైన సబ్బు పదార్థం డాస్ ఆ పొరలోనే ఉన్నట్టు నెలల తర్వాత కూడా కొలతల్లో తేలింది. ఆ నవంబరులో బావికి 11 కిలోమీటర్ల దూరాన, 1,370 మీటర్ల లోతులో పగడాలు గోధుమరంగు నూగు కప్పుకుని చచ్చిపోతూ కనపడ్డాయి. ఆ నూగులో మకొండో నూనె ఆనవాళ్లు దొరికాయి. ఆ పగడాలు వందల ఏళ్లు బతికే జాతులు.

కెరటం, మీ అత్తయ్య అడిగిన "ఎక్కడికి" అన్నదానికి నాకు తెలిసిన జవాబు ఇది. కొంత బ్యాక్టీరియా తినేసింది, కొంత గాలిలోకి పోయింది, కొంత ఒడ్డుకు వచ్చింది, కొంత జిగురు ముద్దలు కట్టి మంచులా రాలి అడుగున బురదలో కూర్చుంది.

నీలి_తీరం · సోమవారం మధ్యాహ్నం 1:05

నేను ఎమ్మెస్సీ జువాలజీ. ఒక పరిశోధనలో కోరెక్సిట్ నూనెతో కలిస్తే 52 రెట్లు ఎక్కువ విషం అని చదివాను. ఇంక చర్చ ఎందుకు? నిషేధించాలి.

రసాయనం_మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 2:30

ఆ 52 ఎక్కడిదో కాస్త చూద్దాం తల్లీ. అది 2012లో వచ్చిన పని. రోటిఫర్ల మీద చేశారు, చేపపిల్లలు తినే కంటికి ఆనని జీవులు అవి. "52 రెట్ల వరకు" అన్నారు. అయితే అంతకుముందు 2010లో ఈపీఏ వాళ్లు మైసిడ్ రొయ్య మీద, సిల్వర్‌సైడ్ అనే చిన్న చేప మీద ఎనిమిది రకాల మందులు పరీక్షించారు. మందు ఒక్కటే ఉంటే నూనె కంటే తక్కువ విషం, నూనె మందు కలిస్తే దాదాపు నూనె ఎంత విషమో అంతే అని తేలింది. రెండూ నిజాయితీగా చేసిన పరీక్షలే. మరి తేడా ఎక్కడ?

లెక్క దేనితో కట్టారన్న దాంట్లో ఉంటుంది చాలావరకు. చారులో రాళ్ల ఉప్పు గడ్డ వేసి వెంటనే రుచి చూడు, అదే ఉప్పు దంచి వేసి రుచి చూడు. వేసింది అంతే, నాలుకకు తగిలింది వేరు. నూనె ఊరికే పోస్తే ఎక్కువ భాగం పైన తేలుతుంది, కింద నీళ్లలోకి కొద్దిగా దిగుతుంది. మందు కలిపితే నీళ్లలోకి దిగేది ఎన్నో రెట్లు. పోసిన నూనె లెక్కన చూస్తే కలిపింది భయంకరమైన విషం. నీళ్లలో నిజంగా ఉన్న నూనెను కొలిచి ఆ లెక్కన చూస్తే తేడా పెద్దగా మిగలదు. అమెరికా జాతీయ అకాడమీలు కొన్నేళ్ల క్రితం ఈ పరీక్షలన్నీ ముందేసుకుని ఇంచుమించు ఇదే మాట చెప్పాయి. లీటరుకు 100 మిల్లీగ్రాముల నూనె లోపు ఉన్నంతవరకు, మందు నూనె విషాన్ని పెంచినట్టు ఆధారం కనపడలేదన్నాయి.

నిషేధించాలా వద్దా అన్నది తర్వాత. వాదనకు మాత్రం ఆ 52ను ముందు పెట్టకు.

నీలి_తీరం · సోమవారం మధ్యాహ్నం 3:10

అర్థమైంది మాస్టారూ, థాంక్స్. కానీ చేపపిల్లకు మనం లెక్క ఎలా రాసుకున్నామన్నది అనవసరం కదా. మందు కొట్టకముందు దాని చుట్టూ నీళ్లలో కొంచెమే ఉంది, కొట్టాక చాలా ఉంది. దాని వైపు నుంచి చూస్తే విషం పెరిగినట్టే.

రసాయనం_మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 3:22

అవును. అది సరైన మాట. నేను రాసినదానికి దాన్ని కలిపి చదవాలి అందరూ.

సీడ్_ట్యాంకు · సోమవారం సాయంత్రం 6:45

భీమిలి వైపు రొయ్య పిల్లల హేచరీలో పదేళ్లుగా టెక్నీషియన్ని. మీరు చేపపిల్ల అంటున్నారు, నేను రోజూ రొయ్య లార్వాతోనే, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లలతోనే బతుకుతాను, అందుకని రాస్తున్నాను.

తల్లి రొయ్య ఒక్క రాత్రి లక్షన్నర, రెండు లక్షల గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లల్ని, నాప్లీ అంటాం, గాజు బీకరులో తీసి టార్చి పట్టుకుంటే వెలుగు వైపు దూసుకొస్తాయి, దుమ్ములా ఉంటాయి. మరో రెండు రోజులకు జోయియా అనే తర్వాతి దశ. దానికి వెనక సన్నటి దారంలాగా మలం వేలాడుతూ ఉంటే బాగా తింటున్నట్టు. ఆ దారం తెగిందంటే మాకు రాత్రి నిద్రుండదు. నీళ్లలో ఏదో తేడా. ఒకసారి మా పైపు మార్చినప్పుడు లోపల అంటించిన జిగురు సరిగ్గా ఆరకముందే నీళ్లు వదిలారు. మామూలు మనిషికి వాసన కూడా రాలేదు. తెల్లారేసరికి రెండు ట్యాంకుల జోయియా అడుగున తెల్లటి పొరలా పడి ఉంది. వేరే ట్యాంకులో పెద్ద రొయ్యలు అదే నీళ్లలో హాయిగా తిరుగుతున్నాయి. పెద్దది తట్టుకున్నదాన్ని పిల్ల తట్టుకోదు.

మా హేచరీలకు నీళ్లు సముద్రంలోంచి నేరుగా పైపుతో వస్తాయి. ఇసుక ఫిల్టర్లు, క్లోరిన్, ఇంకా చాలా చేస్తాం. నూనె పైన తేలితే పంపు ఆపుకుంటాం, కంటికి కనపడుతుంది కాబట్టి. మందు కొట్టి సన్నటి బొట్లు చేస్తే కనపడదు. ఇసుక ఫిల్టరు దాన్ని పూర్తిగా ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు. ఈ తీరం వెంట ఎన్ని హేచరీలున్నాయో ఆలోచించండి.

బ్యాటన్‌రూజ్_తెలుగు · సోమవారం రాత్రి 8:30

సీడ్_ట్యాంకు గారూ, మీరు రాసిన జోయియా సంగతే చేపల్లో గుండె దగ్గర కనపడింది.

ముడి చమురులో వేల పదార్థాలుంటాయి. బెంజీన్ లాంటి తేలికవి రెండు మూడు రోజుల్లో గాలిలోకి పోతాయి, పీల్చే మనుషులకు, డాల్ఫిన్లకు అవి ప్రమాదం. నీళ్లలో మిగిలి చేపగుడ్డును దెబ్బతీసేవి పీఏహెచ్‌లు, అంటే బెంజీన్ వలయాలు రెండు మూడు నాలుగు అతుక్కుని ఉండేవి. ఎక్సాన్ వాల్డెజ్ తర్వాత అలాస్కాలో గులాబీ సాల్మన్ గుడ్ల మీద చేసిన పనిలో, లీటరు నీళ్లలో మైక్రోగ్రాముల్లో ఉన్నా చెడు చేస్తున్నాయని తేలింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు.

డీప్‌వాటర్ హొరైజన్ నూనె ఒలికిన ఏప్రిల్, మే నెలలే అక్కడ బ్లూఫిన్ ట్యూనా గుడ్లు పెట్టే కాలం. 2014లో వచ్చిన పరిశోధనల్లో ట్యూనా పిండాలకు ఆ నూనె తగిలించి చూశారు. పిండం అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, మైక్రోస్కోపులో గుండె కొట్టుకోవడం కనపడుతుంది. నూనె తగిలిన పిండంలో గుండె నెమ్మదించింది, లయ తప్పింది, చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరి ఉబ్బింది. పెద్ద ట్యూనా గుండె కణాల మీద కూడా చూశారు. కణం ముడుచుకోవడానికి, మళ్లీ సర్దుకోవడానికి కావాల్సిన కాల్షియం, పొటాషియం దారులనే నూనె అడ్డుకుంటోంది. అలా పుట్టిన పిల్ల వెంటనే చావకపోవచ్చు. గుండె ఆకారం కాస్త వంకర పోయినా ఈత వేగం తగ్గుతుంది, ట్యూనా లాంటి పరుగుల చేపకు అది చాలు.

నేను పట్టుబట్టి చెప్పేది ఇదే. మందులకు అనుమతి ఇచ్చే పరీక్ష మామూలుగా రెండు రోజులు, నాలుగు రోజులు సాగుతుంది. సగం జీవులు చచ్చే మోతాదు ఎంతో చూస్తారు. నాలుగో రోజు బతికున్న పిల్ల పరీక్షలో పాసైనట్టే లెక్క. దాని గుండె ఎవరూ చూడరు.

ఇంకోటి, ఎండ. పీఏహెచ్ ఒంట్లో ఉన్న పారదర్శకమైన లార్వా మీద అతినీలలోహిత కిరణాలు పడితే విషం చాలా రెట్లు పెరుగుతుంది. మన బంగాళాఖాతంలో ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

గోదారి_గట్టు · సోమవారం రాత్రి 9:05

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇలాంటిది జరిగితే చేప తినొచ్చా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

బ్యాటన్‌రూజ్_తెలుగు · సోమవారం రాత్రి 9:20

మామూలు జాగ్రత్త ఇది. చేప కాలేయం పీఏహెచ్‌లను చాలావరకు విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది, అందుకే కండలో ఎక్కువ కాలం నిలవవు. ఆల్చిప్పలు, నత్తలు అలా చేయలేవు, పోగేసుకుంటాయి. కాబట్టి ముందు మానాల్సినవి, చివరికి మొదలుపెట్టాల్సినవి అవే. ఇక్కడ 2010 జూన్ మొదట్లో గల్ఫ్ సమాఖ్య జలాల్లో 37 శాతం చేపలవేటకు మూసేశారు. తెరిచే ముందు ల్యాబ్ పరీక్షతో పాటు, శిక్షణ పొందిన మనుషులు పచ్చి చేపను, వండిన చేపను ముక్కుతో వాసన చూసి తేల్చారు. కిరోసిన్ వాసన వచ్చే చేప ఎవరూ తినకూడదు, అంతే.

కాశిమేడు_బోటు · సోమవారం రాత్రి 10:15

వాసన మాట నిజం. మా ఆడోళ్లు చేప మొప్ప ఎత్తి ముక్కు పెడితే చెప్పేస్తారు.

మడ_అడవి · మంగళవారం ఉదయం 9:30

కాకినాడ పక్కన కోరింగ మడ అడవిలో మొక్కలు నాటే పనిలో ఉన్నాను. నీలి_తీరం, నువ్వు నిషేధం అన్నావు. నాకు ఇక్కడ తేల్చుకోలేని చిక్కు ఒకటుంది, అది చెప్తాను.

మడచెట్టు బురదలో వేరుతో ఊపిరి తీసుకోలేదు. అందుకని చుట్టూ నేలలోంచి పెన్సిళ్లు నాటినట్టు ఊపిరి వేళ్లు పైకి వస్తాయి. దగ్గరికి వంగి చూస్తే వాటి మీద ఆవగింజంత రంధ్రాలు కనపడతాయి. పోటుతో వచ్చిన నూనె తెట్టు, పాటుకు నీరు దిగిపోయేటప్పుడు ఆ వేళ్లకు అంటుకుని ఉండిపోతుంది. రంధ్రాలు మూసుకుపోతాయి. చెట్టు ఒక్కరోజులో చావదు. ఆకు పసుపు తిరుగుతుంది, రాలుతుంది, నెలల మీద ఎండిపోతుంది. కడగడానికి మనిషి లోపలికి నడిస్తే నూనె ఇంకా లోతుగా బురదలోకి తొక్కుకుపోతుంది.

1984లో పనామా తీరాన ఇదే ప్రశ్న మీద ఒక ప్రయోగం చేశారు. ఒక చోట నూనె ఒక్కటే, ఒక చోట మందుతో చెదరగొట్టిన నూనె, ఒక చోట ఏమీ లేకుండా. మూడింట్లోనూ మడచెట్లు, సముద్రపు గడ్డి, పగడాలు ఉన్నాయి. నూనె ఒక్కటే పడ్డచోట మడచెట్లు చచ్చాయి, ఆ నష్టం దశాబ్దాలు నిలిచింది. మందు కలిపినచోట మడచెట్లకు పెద్ద దెబ్బ తగల్లేదు, కానీ పగడాలకు, నీళ్లలో జీవులకు ముందు గట్టి దెబ్బ తగిలింది. అవి పదేళ్లకు చాలావరకు కోలుకున్నాయి.

దీన్ని పట్టుకుని మా కాకినాడ బేలో మందు కొట్టమనను. ఆ బే లోతు తక్కువ, నీళ్లు తొందరగా బయటికి పోవు, పండుగప్ప పిల్ల, రొయ్య పిల్ల, పీత పిల్ల అక్కడే పెరుగుతాయి. కానీ బే ముందున్న హోప్ ఐలాండ్ బయట, లోతులో, నూనె మడ వైపు వస్తూ ఉంటే? అప్పుడు ఎవరైనా నన్ను అడిగితే వద్దు అని ఒక్క మాటలో అనలేను. అందుకే నిద్రపట్టదు.

రసాయనం_మాస్టారు · మంగళవారం ఉదయం 11:10

అమ్మా, మీరు రాసింది చదివాక టోరీ కాన్యన్ గురించి చెప్పాలనిపించింది. 1967 మార్చి 18న ఇంగ్లండ్ కార్న్‌వాల్ దగ్గర ఆ ట్యాంకర్ రాళ్ల మీదికెక్కింది. సుమారు 1 లక్షా 19 వేల టన్నుల చమురు. అప్పటి మందులు ఇప్పటివి కావు, ఓడ ఇంజన్ గదులు కడిగే ఘాటైన ద్రావకాలు. అవి దాదాపు 10 వేల టన్నులు నీళ్ల మీద, రాళ్ల మీద పోశారు. రాళ్లను అంటిపెట్టుకుని పాచి మేసే లింపెట్ నత్తలు మందు తగిలినచోట మూకుమ్మడిగా చచ్చాయి. మేసేవి పోయేసరికి రాళ్లన్నీ పచ్చటి నాచుతో నిండిపోయాయి. మందు పోయని రాళ్లు రెండు మూడేళ్లలో మామూలయ్యాయి. గట్టిగా పోసిన రాళ్లకు పది పదిహేనేళ్లు పట్టింది. ప్లిమత్ సముద్ర ప్రయోగశాల వాళ్లు ఏళ్ల తరబడి అదే రాళ్ల దగ్గరికి వెళ్లి లెక్కపెట్టారు కాబట్టి మనకు తెలిసింది.

ఆ దెబ్బతోనే ఇప్పటి తక్కువ విషపు మందులు వచ్చాయి. ఇప్పుడు వాడే డాస్ మలబద్ధకం మాత్రల్లో కూడా ఉంటుంది. విని దాన్ని నిరపాయం అనుకోకండి, మాత్రలో మిల్లీగ్రాములు, గల్ఫ్‌లో లక్షల లీటర్లు.

ఒడ్డును శుభ్రం చేయాలన్న తొందరే కొన్నిసార్లు ఎక్కువ చంపుతుంది. అలాస్కాలో వేడినీళ్లు ఒత్తిడితో కొట్టి రాళ్లు కడిగారు, నూనెను తట్టుకున్న నత్తలు, గవ్వలు ఆ వేడికి చచ్చాయి.

బ్యాటన్‌రూజ్_తెలుగు · మంగళవారం రాత్రి 7:40

మాస్టారూ, ఇక్కడా అంతే. నూనె బురదనేలల్లోకి రాకుండా తోసేయాలని 2010లో లూసియానా మిసిసిపీ నది మంచినీళ్లను తీరం వైపు మళ్లించింది. ఉప్పు తగ్గి ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పలు, లెక్కలేనన్ని చచ్చిపోయాయి, నూనె తగలకుండానే. ఇక్కడ ఆయిస్టర్ల మీద బతికిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారిపోతుంది వాళ్లకి.

ఇక్కడి బరటేరియా బేలో 2011లో డాల్ఫిన్లను పట్టి, ఒడిలో పెట్టుకున్నట్టు మెత్తటి చాపల మీద ఉంచి అల్ట్రాసౌండ్ తీసి వదిలారు. నూనె రాని చోట డాల్ఫిన్లతో పోలిస్తే వీటికి ఊపిరితిత్తుల జబ్బు ఐదు రెట్లు ఎక్కువగా ఉంది. కడుపుతో ఉన్నవాటిలో ఐదింట ఒక్కదానికే పిల్ల దక్కింది. డాల్ఫిన్ నీటిపైన, సరిగ్గా నూనె ఆవిరి నిలిచే చోట ఊపిరి తీసుకుంటుంది. ఓడ_ఇంజినీరు గారి వాదనలో బలం ఇక్కడ కనపడుతుంది నాకు, పైన తెట్టు ఉండనివ్వడం కూడా చంపడమే.

తాబేళ్లదీ అదే కథ. ఇక్కడి కెంప్స్ రిడ్లీ తాబేలు మన ఆలివ్ రిడ్లీకి స్వయానా అక్కచెల్లెలు. ఒకే ప్రజాతి. మన తీరానికి అవి గుడ్లు పెట్టడానికి వచ్చేది జనవరి నుంచి మార్చి. ఎన్నూరు ప్రమాదం జరిగింది జనవరి చివర.

ఓడ_ఇంజినీరు · మంగళవారం రాత్రి 9:15

కెరటం, మన దేశంలో ఎవరు పడితే వాళ్లు మందు చల్లడానికి లేదు. 1996 నుంచి జాతీయ ప్రణాళిక ఉంది, సమన్వయం తీరరక్షక దళానిది, వాళ్ల అనుమతి కావాలి. నిర్ణయం గంటల్లో జరగాలి, అందుకే ఏ తీరంలో ఎక్కడ చల్లకూడదో ముందే పటం గీసుకుని ఉండాలి. ప్రమాదం జరిగిన రాత్రి కూర్చుని వాదించుకుంటే నూనె ఆగదు. అక్కడ గుడ్డు పెట్టే కాలం ఏది, పిల్ల పెరిగే చోటు ఏది అన్నది మీవాళ్లకు తెలిసినంత ఏ ఆఫీసులోనూ తెలియదు. నేను ఈ మూడు రోజుల్లో నా మాట కొంత మార్చుకున్నాను. సీడ్_ట్యాంకు గారు చెప్పిన పైపుల సంగతి మా శిక్షణలో ఎవరూ ఎత్తలేదు.

సీడ్_ట్యాంకు · మంగళవారం రాత్రి 9:50

మా పైపు నోరు ఒడ్డు నుంచి ఎంత దూరం, ఎంత లోతు అన్నది రేపు కొలిచి పెడతాను. పక్క హేచరీల వాళ్లను కూడా అడుగుతాను. ఇవ్వడానికి అభ్యంతరం ఉండదు అనుకుంటున్నా.

ఉప్పాడ_కెరటం · బుధవారం రాత్రి 8:20

అందరికీ చాలా చాలా థాంక్స్. అన్నీ అత్తకి చదివి వినిపించాను, రెండు రాత్రులు పట్టింది. గ్లాసులు కూడా చేసి చూపించాను మాస్టారూ. సబ్బు గ్లాసు దీపం ముందు పెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. తర్వాత పొద్దునకి మళ్లీ చూస్తే పైన సన్నటి పొర కొద్దిగా తేలింది, "ఇదిగో, తిరిగొచ్చింది" అని నన్ను లేపింది.

ట్యూనా పిల్ల గుండె సంగతి చదివినప్పుడు మాత్రం ఏం మాట్లాడలేదు.

ఇవాళ చిన్నాన్నతో, ఇంకో ఇద్దరు పెద్దాళ్లతో కూర్చుని ఒక తెల్లకాగితం మీద మా ఊరి ముందు సముద్రం గీశాం. కవళ్లు ఏ నెలలో ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, వంజరం గుడ్డుతో ఎప్పుడు దొరుకుద్ది, రొయ్య పిల్ల ఏ మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర ఉంటది, తాబేళ్లు ఏ ఇసుక ఎక్కుతాయి, ఎన్ని బారల లోతు. అత్త చెప్తుంటే నేను రాశాను. మొగ దగ్గర లోతు విషయంలో చిన్నాన్నకి, ఆవిడకి గొడవైంది, శనివారం బోటు మీద వెళ్లి తాడు వేసి చూస్తామన్నారు. వచ్చే నెల రెండో సమావేశం ఉందంట. ఆ కాగితం తీసుకెళ్తాం. మడ_అడవి అక్కా, కోరింగ వైపు మీరు కూడా ఇలాంటిది గీస్తే రెండూ పక్కపక్కన పెట్టొచ్చు.

మడ_అడవి · బుధవారం రాత్రి 8:45

గీస్తాను తమ్ముడూ. మా దగ్గర పీతలు పట్టే ఇద్దరు ఆడవాళ్లున్నారు, మొగలన్నీ వాళ్లకి పేరుపేరునా తెలుసు. ఆదివారం పడవ మీద తీసుకెళ్తాను. మీ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టు, అదే కొలతలో గీస్తాం.